అమ్మకూడని గుర్రం

శనివారం పొద్దున్న జాజ్‌గుల్ వేసుకున్న పథకంలో గుర్రం ఊసే లేదు. ముప్ఫై ఒక్క నోటుబుక్కులున్నాయి, ఎర్ర సిరా పెన్నుంది, మధ్యాహ్నం రెండింటికి ఆవిరి స్నానాల ఇంట్లో చెల్లెలితో కలిసి చెప్పి ఉంచుకున్న గది ఉంది. పన్నెండింటికల్లా నోటుబుక్కులు దిద్దెయ్యాలి. ఒంటిగంటకి తువ్వాలూ సబ్బూ సంచిలో సర్దుకోవాలి. రెండింటికి లోకాన్ని మరిచిపోవాలి. భర్త లారీ తోలుకుంటూ రాజధాని బిష్కెక్ వెళ్లాడు, సోమవారం దాకా రాడు. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారూ.

అత్తగారు బుర్మాకాన్ ముప్ఫై ఏళ్లు నరీన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయిన మనిషి. ఊళ్లో ఎవరి మాట ఎవరికి చేరాలో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఉద్యోగం మానేసి పదమూడేళ్లయినా ఆ అలవాటు మానలేదు. ఆ పొద్దున్న ఆవిడ బోర్సోకుల పిండి పిసికి, నూనెలో వేయించి, పళ్లెం నిండా తెచ్చి నోటుబుక్కుల పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం రాశారే పిల్లలు? పైకి చదువు. నాకు కళ్లద్దాలున్నా అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి."

"పైకి చదివితే ఆలస్యమవుతుంది అత్తయ్యా."

"మనసులో చదివితే మాత్రం తొందరగా అవుతుందా? చదువు."

జాజ్‌గుల్ మూడో తరగతి టీచరు. ఆ ఏడాది పైనుంచి కొత్త పాఠం ఒకటి వచ్చింది: ఒప్పించే పేరా. పిల్లలు ఏదో ఒక విషయం ఎంచుకుని, అవతలివాళ్లని ఒప్పిస్తూ ఒక్క పేరా రాయాలి. దానితోపాటు మార్కుల పట్టిక కూడా వచ్చింది. అభిప్రాయానికి ఒక మార్కు, మూడు కారణాలకి రెండు, సాక్ష్యానికి ఒకటి, ముగింపుకి ఒకటి, వెరసి అయిదు. పట్టిక చూసినప్పుడు జాజ్‌గుల్‌కి ప్రాణం లేచొచ్చింది. కొలవడానికి ఇంత చక్కటి తూకం ఉంటే దిద్దడం ఎంతసేపు?

మొదటి నోటుబుక్కు తీసింది. "రెండో విరామంలో అందరికీ వేడి టీ ఇవ్వాలి. ఒకటి, చలి. రెండు, చాలా చలి. మూడు, నిన్న కూడా చలే."

"అయిదు వెయ్యి," అంది బుర్మాకాన్.

"మూడూ ఒకటే కారణం కదా అత్తయ్యా."

"ఈ ఊళ్లో అంతకన్నా ఏం కారణం ఉంటుందే? వెయ్యి అయిదు."

జాజ్‌గుల్ మూడు వేసింది. రెండో నోటుబుక్కులో ఒక పిల్లాడు, పుట్టబోయే తమ్ముడు జనవరిలో పుట్టకూడదనీ, జనవరిలో తన పుట్టినరోజు ఉందనీ, అమ్మ కాస్త ఓర్చుకుంటే ఫిబ్రవరి వచ్చేస్తుందనీ రాశాడు. మూడో పిల్ల బడిలో లెక్కలు ఎత్తెయ్యాలని వాదించింది. సాక్ష్యం: మా నాన్నకి లెక్కలు రావు, అయినా ట్రాక్టరు కొన్నాడు. బుర్మాకాన్‌కి ప్రతి వాదమూ సబబుగానే తోచింది. లెక్కలు ఎత్తెయ్యాలన్న పిల్లతో ఏకీభవించింది, ఆ వెంటనే లెక్కలు రెట్టింపు చెయ్యాలన్న పిల్లాడితోనూ ఏకీభవించింది. పదకొండున్నరకి ఇరవై రెండు నోటుబుక్కులయ్యాయి. ఇరవై మూడోది ఉల్‌జాన్‌ది.

ఉల్‌జాన్ సెప్టెంబరులో కోచ్కోర్ నుంచి వచ్చి చేరిన పిల్ల. తొమ్మిదేళ్లుంటాయి. అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా సగం మాటే చెబుతుంది. తండ్రి కదీర్ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆ కుటుంబం గురించి జాజ్‌గుల్‌కి తెలిసింది అంతే. నోటుబుక్కు తెరిచి చదవసాగింది.

"మా నాన్న కష్కాని అమ్మకూడదు. కష్కా మా ఆడగుర్రం. దాని నుదుట తెల్లటి మచ్చ ఉంటుంది. ఒకటి, తాతయ్యకి జబ్బు చేసినప్పుడు మంచులో కారు రాలేదు. కష్కాయే ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్లింది. రెండు, నేను బడి నుంచి వస్తుంటే నా అడుగుల చప్పుడు దానికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు. మూడు, అమ్మితే వచ్చే డబ్బు చలికాలంలోనే అయిపోతుంది. గుర్రం అయిపోదు. సాక్ష్యం, తాతయ్య పోయాక మూడు రోజులు కష్కా గడ్డి ముట్టలేదు. గోడవైపు తిరిగి నిలబడింది. కాబట్టి మనకోసం ఏడ్చినవాళ్లని మనం అమ్మకూడదు."

చివరి వాక్యం జాజ్‌గుల్ రెండుసార్లు చదివింది. తలెత్తి చూస్తే అత్తగారు తలగుడ్డ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"గోడవైపు తిరిగి నిలబడిందటే!" అంది బుర్మాకాన్. "నోరులేని జీవానికున్న బుద్ధి ఆ కదీర్‌కి లేకపోయిందే! అసలే నవంబరు. చలికాలపు మాంసానికి ఊరంతా కత్తులు నూరుకుంటోంది. ఇప్పుడు అమ్మితే ఎవరు కొంటారు, స్వారీకా? కూరకా?"

"మన పని మార్కులు వెయ్యడం అత్తయ్యా," అంది జాజ్‌గుల్ ముక్కు చీదుకుంటూ. అభిప్రాయం, కారణాలు, సాక్ష్యం, ముగింపు, అన్నీ పట్టికలో కొలిచినట్టు ఉన్నాయి. అయిదు వేసింది. మనసు ఊరుకోక కింద ఎర్ర సిరాతో "నన్ను ఒప్పించావు" అని రాసి సంతకం కూడా పెట్టింది.

మిగతా ఎనిమిదీ గబగబా దిద్ది, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నోటుబుక్కుల్ని బీరువాలో పెట్టడం మర్చిపోయింది. ఆవిడ చేసిన తప్పు ఆ ఒక్కటే.

*

ఆవిరి గదిలోంచి నాలుగింటికి బయటపడేసరికి జాజ్‌గుల్ ముఖం బీట్‌రూట్‌లా ఉంది, మనసు దూదిలా ఉంది. ఫోన్ తీసి చూస్తే నలభై ఆరు సందేశాలు. మొదటిది ఒక పిల్లాడి తల్లి పంపింది: "టీచరక్కా, ఆ గుర్రాన్ని కొన్న కసాయి ఎవరో తెలిసిందా?" రెండోది ఇంకో తల్లిది: "ఆ పిల్ల రాసింది చదివి మా ఆయన భోజనం మానేశాడు." మూడోది తోటి టీచరుది: "ఎంత బాగా రాయించావమ్మా! మా ఇంట్లో అందరం ఏడ్చాం."

ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. తలుపు తీసేసరికి గదినిండా జనం. బల్ల చుట్టూ బుర్మాకాన్ చిన్ననాటి తరగతివాళ్లు నలుగురు టీ తాగుతున్నారు. డెబ్భై మూడులో బడి ముగించిన ఆ తరగతికి ఫోన్‌లో ఒక గుంపు ఉంది. అందులోకే బుర్మాకాన్ నోటుబుక్కు ఫోటో పంపి, దాన్ని పెద్దది చేసుకుని, చూపు ఆననివాళ్ల కోసం తన గొంతుతో చదివి మరీ పెట్టింది. ఆ గుంపులోవాళ్లకి పిల్లలున్నారు, పిల్లలకి వేరే గుంపులున్నాయి. నరీన్ పొడుగాటి ఊరు. ఒక చివర తుమ్మితే రెండో చివరికి వినపడదు కానీ, ఆ పేరా మాత్రం గంటన్నరలో రెండు చివరలకీ చేరింది.

"అత్తయ్యా! అది పిల్ల నోటుబుక్కు! ఎవరికీ చూపించకూడదు!"

"చూపించబట్టే కదే ఇంతమంది కదిలారు," అంది బుర్మాకాన్. "ఒరోజ్, జరిగింది చెప్పు దీనికి."

ఒరోజ్ తాత ఒకప్పటి పశువుల డాక్టరు. తెల్లని కల్పాక్ టోపీ సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. "ఏముందమ్మా! నేనూ, వీళ్లిద్దరూ కలిసి కదీర్ ఇంటికి వెళ్లాం. తలుపు తీశాడు. 'గుర్రం ఎక్కడయ్యా?' అన్నాను. 'ఏ గుర్రం తాతా?' అన్నాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. 'కష్కా ఎక్కడ?' అన్నాను. 'నాకు గుర్రం లేదు తాతా' అన్నాడు."

"లేదు అన్నాడా?" అంది జాజ్‌గుల్.

"లేదు అన్నాడు. అంటే అమ్మేశాడనేగా!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. రేపు ఆదివారం పశువుల సంత. పొద్దున్నే వెళ్లి నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రాన్ని పట్టుకోవాలని అప్పటికే తీర్మానం అయిపోయింది. జాజ్‌గుల్‌కి గుర్రం కన్నా ఆ పిల్ల ముఖం కళ్లముందు మెదిలింది. నమ్మి రాసిన మాట ఊరంతా పాకిపోయింది. తడితల మీదే శాలువా కప్పుకుని, క్షమాపణ చెప్పుకోవడానికి కదీర్ ఇంటికి బయల్దేరింది.

*

కదీర్‌వాళ్లది నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు. జాజ్‌గుల్ మెట్లెక్కుతుంటే ఒక ఆలోచన వచ్చింది: ఇంత ఎత్తులో గుర్రాన్ని ఎక్కడ కట్టేస్తారు? ఊళ్లో చుట్టాల దగ్గర ఉంచారేమోలే అనుకుని తలుపు కొట్టింది.

కదీర్ బక్కపలచటి మనిషి. ఇంట్లో కూడా నీలం జాకెట్టు వేసుకునే ఉన్నాడు. టీచరు ముఖం చూడగానే రెండు చేతులూ ఎత్తాడు.

"టీచర్, మీరూ గుర్రం కోసమే వచ్చారా?"

"క్షమాపణ చెప్పడానికొచ్చానన్నా."

"పోనీ, మీరైనా చెప్పండి. నా గుర్రం ఎక్కడ? పొద్దున్న లేచినప్పుడు నాకు గుర్రం లేదు. మధ్యాహ్నానికి దాన్ని అమ్మేశానట. ఇందాక ఎవరో ఫోన్ చేసి, కోయించేశానని తిట్టారు. ఇంకాసేపటికి తినేశానంటారేమో!"

భార్య రొట్టె, టీ తెచ్చి పెట్టింది. నడవలో తాళ్లు కట్టిన అట్టపెట్టెలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. వాటి వెనక నుంచి ఉల్‌జాన్ మెల్లిగా తొంగి చూసింది.

"ఉల్‌జాన్, ఇలా రామ్మా," అంది జాజ్‌గుల్. "కష్కా ఎక్కడుంది?"

పిల్ల పెట్టెల వెనక నుంచి వచ్చి నిలబడింది. "లేదు టీచరక్కా."

"అమ్మేశారా?"

"అసలే లేదు. సాక్ష్యం లేకపోతే నాలుగే వస్తుందన్నారు కదా మీరు."

జాజ్‌గుల్ చేతిలోని టీ గిన్నె బల్ల మీదికి దిగింది. "మరి మంచులో తాతయ్యని మోసుకెళ్లడం?"

"అదీ లేదు."

"తాతయ్య పోవడం?"

"తాతయ్య కోచ్కోర్‌లో ఉన్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు."

"మా నాన్నని చంపేశావా?" అన్నాడు కదీర్, కుర్చీలోంచి లేచి.

"మార్కు కోసం నాన్నా," అంది ఉల్‌జాన్. "ముందు వేరేది రాశాను. నిజంది. కొట్టేశాను. ఇంట్లో సంగతులు బడిలో చెప్పకూడదని నువ్వే అన్నావుగా. అందుకని ఇంట్లో లేనిది రాశాను."

కదీర్ ఏదో అనబోయాడు. చూపు అట్టపెట్టెల మీదికి పోయింది. కూర్చున్నాడు. జాజ్‌గుల్ అది గమనించింది కానీ ఆ క్షణంలో ఆవిడ బుర్రనిండా కల్పాక్ టోపీలే ఉన్నాయి. "నేను ఇప్పుడే వెళ్లి అందరికీ నిజం చెబుతానన్నా. ఒక్క మాటతో తేలిపోతుంది," అని లేచింది.

ఇంటికొచ్చాక ఒక్క మాటతో తేలలేదు.

"లేని గుర్రానికి నుదుట మచ్చ ఎలా ఉంటుందే?" అంది బుర్మాకాన్.

"కల్పించి రాసింది అత్తయ్యా. ఆ పిల్లే చెప్పింది నాతో."

"తండ్రి ఎదురుగానా?"

"ఎదురుగానే."

"మరింకేం! బెదిరించి చెప్పించాడు."

"తాతయ్య కూడా బతికే ఉన్నాడట!"

ఒరోజ్ తాత టీ గిన్నె టక్కున కింద పెట్టాడు. "అదీ చెప్పించాడా! పోయిన తండ్రిని బతికున్నాడని చెప్పించేవాడికి గుర్రాన్ని అమ్మడమొక లెక్కా?"

జాజ్‌గుల్ నెత్తీ నోరూ బాదుకుంది. చివరికి బుర్మాకాన్ ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసి కోడలి ముఖం ముందు పెట్టింది. "ఇదిగో. 'నన్ను ఒప్పించావు.' ఎవరి చేతిరాత ఇది? సంతకం ఎవరిది? పక్కన అయిదు ఎవరేశారు? పిల్లల రాతలు చూసి ఏది నిజమో ఏది కాదో తేల్చడానికే కదా నీకు జీతమిస్తున్నారు? పొద్దున్నేమో ఎర్ర సిరాతో నిజమన్నావు. సాయంత్రమేమో నోటితో కాదంటున్నావు. ఏది నమ్మమంటావే, నీ సిరానా, నీ నోటినా?"

జాజ్‌గుల్ పట్టిక బయటికి తీసి మళ్లీ చూసింది. అభిప్రాయానికి గడి ఉంది, కారణాలకి ఉంది, సాక్ష్యానికి ఉంది. నిజానికి మాత్రం గడి లేదు.

*

ఆదివారం పొద్దున్న ఒరోజ్ తాత పాత జీపులో అత్తగారితో, మిగతా ముగ్గురు ముసలివాళ్లతో పాటు జాజ్‌గుల్ కూడా ఇరుక్కుని కూర్చుంది. తెల్లమచ్చ ఆడగుర్రం దొరక్కపోతే ఏ గొడవా ఉండదు, దొరికితే అమ్మేవాడే తనదని చెబుతాడు, అప్పుడైనా వీళ్ల భ్రమ వదులుతుంది. ఆవిడ లెక్క అది.

గుర్రం దొరికింది. సంత చివర, కంచె పక్కన, గోధుమరంగు ఆడగుర్రం, నుదుట అరచేయంత తెల్లమచ్చతో నిలబడి ఉంది. పగ్గం పట్టుకున్నవాడు అత్‌బాషీ నుంచి వచ్చిన కుర్ర గొర్రెల కాపరి, పేరు సమత్. అతనితో బేరమాడుతున్నవాడు తోలు ఏప్రాను కట్టుకున్న కసాయి. చేతిలో తాడు కూడా సిద్ధంగా ఉంది.

"ఈ గుర్రం నీదేనా అబ్బాయ్?" అన్నాడు ఒరోజ్ తాత.

"నాదే తాతా. మొన్న గురువారమే కొన్నాను. చలికాలం మేపలేక అమ్మేస్తున్నాను."

ఒరోజ్ తాత కళ్లు చిన్నవయ్యాయి. "ఎవరి దగ్గర కొన్నావు?"

"పేరు తెలియదు తాతా. బక్కగా ఉంటాడు. నీలం జాకెట్టు వేసుకున్నాడు. ఎక్కువ మాట్లాడలేదు."

ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సంతలో ఆ క్షణాన నీలం జాకెట్లు వేసుకున్న బక్కవాళ్లు కనీసం పాతికమంది ఉంటారు. వాళ్లెవరూ ఎవరికీ కనపడలేదు. బుర్మాకాన్ ఫోన్ తీసి ఉల్‌జాన్ పేరా పైకి చదవసాగింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు నలిగిన గొంతు. సంతలో గొర్రెల అరుపుల మీదుగా కూడా స్పష్టంగా వినపడింది. మొదటి కారణం దగ్గర జనం గుమిగూడారు. రెండో కారణం దగ్గర కసాయి తాడుని వీపు వెనక్కి దాచుకున్నాడు. సాక్ష్యం వచ్చేసరికి సమత్ గుర్రం మెడ మీద చెయ్యి వేసి, "అందుకేనన్నమాట, నిన్నంతా దిగులుగా ఉంది," అన్నాడు.

జాజ్‌గుల్ ఇక ఆగలేకపోయింది. కంచె మీదికెక్కి అరిచింది. "అయ్యా! అదంతా కట్టుకథ! ఆ పిల్లకి గుర్రమే లేదు! నేను ఆ పిల్ల టీచర్ని!"

అంతా ఆవిడ వైపు తిరిగారు.

"నా కోడలు," అంది బుర్మాకాన్ మెల్లిగా. "నిన్న ఆవిరి స్నానం చేసి తల ఆరకుండానే చలిలో తిరిగింది."

అయ్యో పాపం అన్నట్టు అంతా తలలూపారు. ఎవరో ఆవిణ్ణి జాగ్రత్తగా చెయ్యి పట్టి కంచె మీంచి దింపారు. ఇంకెవరో వేడి టీ తెచ్చి ఇచ్చారు.

బేరం ఎక్కువసేపు పట్టలేదు. ఒరోజ్ తాత తన కోడెదూడని ఇస్తానన్నాడు. బుర్మాకాన్ తన రెండు గొర్రెల్ని ఇస్తానంది.

"అత్తయ్యా, అవి మన చలికాలపు మాంసం!"

"బంగాళాదుంపలు తిందాం. గోడవైపు తిరిగి నిలబడిన దాన్ని వదిలేసి నాకు మాంసం గొంతు దిగుతుందా?"

*

భవనం ముందు ఆవరణలోకి గుర్రం వచ్చేసరికి వెనక ముప్ఫైమంది దాకా ఉన్నారు. దారిలో కలిసినవాళ్లు కలిసినట్టే ఊరేగింపులో చేరిపోయారు. కసాయి కూడా వచ్చాడు. కదీర్ మూడో అంతస్తు బాల్కనీలోంచి తొంగి చూశాడు. కిందికి చూశాడు, గుర్రాన్ని చూశాడు, తల లోపలికి లాక్కున్నాడు. మళ్లీ బయటపెట్టాడు. గుర్రం అక్కడే ఉంది.

అతను మెట్లు దిగి వచ్చేసరికి జాజ్‌గుల్ ఎదురెళ్లింది. "అన్నా, నేను చెప్పాను. ఒక్కరూ వినలేదు."

"నేనూ నిన్నటి నుంచి చెబుతూనే ఉన్నాను టీచర్."

"ఇదిగో నీ కష్కా," అన్నాడు ఒరోజ్ తాత, పగ్గం చేతికందిస్తూ. "జరిగిందేదో జరిగింది. మనిషన్నాక ఇబ్బందులుంటాయి. ఇబ్బంది వస్తే నోరు తెరిచి చెప్పాలి గానీ ఇంటి ప్రాణిని సంతకి తోలతారా కొడకా?"

"తాతా, నా మాట ఒక్కసారి వినండి. ఈ గుర్రం..."

అప్పుడు ఉల్‌జాన్ వచ్చింది. ఇంటి చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది. జనాన్ని చూసి బెదిరి ఆగింది. తరవాత గుర్రాన్ని చూసింది, నుదుటి మచ్చ చూసింది. తను కూర్చుని రాసిన మచ్చ. ఆ పిల్ల దగ్గరికి నడిచింది. జేబులో పొద్దుటి బోర్సోకు ముక్క ఏదో ఉన్నట్టుంది, గుర్రం మెడ చాచి జేబు వాసన చూసి, మూతితో పొడిచింది.

"గుర్తుపట్టింది!" అని అరిచింది ఎవరో ముసలావిడ. ఆవరణంతా ఒక్కసారి ముక్కులు చీదింది.

ఉల్‌జాన్ గుర్రం మెడని రెండు చేతులా కరుచుకుంది. ఏడ్చింది. ఆ ఏడుపులో కల్పన ఏమీ లేదు. కాసేపటికి ముఖం తిప్పి, తండ్రిని చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"నాన్నా, ఓష్ బస్సులో గుర్రాన్ని ఎక్కించనివ్వరు కదా?"

జాజ్‌గుల్‌కి నడవలోని అట్టపెట్టెలు కళ్లముందు నిలిచాయి. కొట్టేసిన పేరా ఏదో, అందులో ఏముంటుందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఒరోజ్ తాతకి అర్థం కాలేదు. "ఓష్ ఏమిటి? మధ్యలో ఓష్ ఎందుకొచ్చింది?"

కదీర్ పగ్గాన్ని చేతిలో ఇటూ అటూ తిప్పాడు. ఇంట్లో మాట బయటపడే ఘడియ వచ్చిందని అతనికి తెలిసింది. "ఏం చెయ్యమంటారు తాతా? ఫ్రిజ్‌లు బాగుచెయ్యడానికి వచ్చాను ఈ ఊరికి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఊరంతా మాంసం బాల్కనీలో వేలాడదీసుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. రెండు నెలల్లో మూడు ఫ్రిజ్‌లు. అందులో ఒకటి మాదే. ఓష్‌లో ఎండలు మండుతాయి, అక్కడైతే ఫ్రిజ్‌లు చెడతాయి. ఈ పిల్లకేమో బడి మారడం ఇష్టం లేదు. ఇప్పటికే మూడు మారింది."

జనం అనుకోకుండా తలలెత్తి బాల్కనీల వైపు చూశారు. నాలుగు అంతస్తుల్లోనూ మాంసం వేలాడుతోంది. అందరికీ కాస్త తప్పు చేసినట్టనిపించింది.

"మా వాషింగ్ మెషీన్ ఆగస్టు నుంచి తిరగట్లేదు," అంది గుంపులోంచి ఒకావిడ. "అవి నీకు రావు కాబోలు?"

"వస్తాయమ్మా."

"ఇస్త్రీ పెట్టెలు?"

"అవీ వస్తాయి. హీటర్లు, పొయ్యిలు, అన్నీ చేస్తాను."

"మరి తలుపు మీద 'ఫ్రిజ్‌లు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావేం?" అంది బుర్మాకాన్, నిజంగానే కోపమొచ్చి. "తొమ్మిదేళ్ల పిల్ల మూడు కారణాలూ ఒక సాక్ష్యం రాసింది. నువ్వేమో ఒక్క మాటా!"

కదీర్ నవ్వబోయాడు, రాలేదు. కూతుర్ని చూశాడు. అది ఇంకా గుర్రం మెడ వదల్లేదు. ముప్ఫైమంది ఎదురుచూస్తున్నారు. నిజం చెప్పడానికి అతను మూడోసారి నోరు తెరిచాడు, మూసుకున్నాడు. చివరికి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"తప్పయింది తాతా. అమ్మను. అందరి ముందూ మాటిస్తున్నాను."

లేని గుర్రాన్ని అమ్మినందుకు ఆ మనిషి క్షమాపణ చెబుతుంటే జాజ్‌గుల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి ఎక్కిళ్లయ్యాయి. "చూశారా, జలుబు పట్టేసింది," అంది బుర్మాకాన్ పక్కవాళ్లతో.

*

సోమవారం జాజ్‌గుల్ రిజిస్టరు తెరిచి, ఉల్‌జాన్ పేరు ఎదురుగా చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. సాక్ష్యం అబద్ధం, కారణాలు అబద్ధం, చావు అబద్ధం. కానీ ఒక ఊరు ఒప్పుకుంది, కోడెదూడా రెండు గొర్రెలూ ఇచ్చింది, కసాయి తాడు దాచుకున్నాడు. ఇంతకన్నా ఒప్పించే పేరా తన ఉద్యోగకాలంలో వస్తుందా? అయిదు అలాగే ఉంచింది.

విరామంలో పిల్లని దగ్గరికి పిలిచింది. "ఆ కొట్టేసినది చూపిస్తావా?"

ఉల్‌జాన్ నోటుబుక్కు చివరి పేజీ తెరిచింది. అడ్డగీతల కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. "మనం ఓష్ వెళ్లకూడదు. ఒకటి, నాకు ఇక్కడ ఒక స్నేహితురాలు దొరికింది." అంతే. రెండు అన్న అంకె పక్కన ఖాళీ. పట్టిక ప్రకారం అభిప్రాయానికి ఒకటి, కారణాల్లో మూడో వంతుకి సుమారుగా అర, సాక్ష్యం లేదు, ముగింపు లేదు. ఒకటిన్నర మార్కులు. జాజ్‌గుల్ ఆ పేజీని మెల్లిగా మూసి ఇచ్చింది.

అట్టపెట్టెలు విప్పారు. గుర్రానికి ఒరోజ్ తాత కొట్టంలో చోటు దొరికింది. రోజూ సాయంత్రం తండ్రీ కూతుళ్లు గడ్డి మోసుకెళ్లేవారు. దారిలో కనీసం ఇద్దరైనా కదీర్‌ని ఆపి ఏదో ఒక చెడిపోయిన వస్తువు చేతిలో పెట్టేవారు. చలికాలమంతా జాజ్‌గుల్ ఇంట్లో బంగాళాదుంపలు ఉడికాయి. బుర్మాకాన్ వాటిని ఎవరి మీదా నేరం మోపకుండా తింది. కోచ్కోర్ నుంచి తాతయ్య కొత్త సంవత్సరానికి వచ్చాడు. ఒరోజ్ తాత ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. తరవాత అమ్మ తరఫు తాత అయి ఉంటాడని తీర్మానించుకున్నాడు.

గుర్రానికి మాత్రం తన పేరు కష్కా అని నమ్మకం కలగడానికి మంచు కరిగేదాకా పట్టింది.